కిటికీ గుమ్మమైన వేళ

'కిటికీ' అచ్చతెలుగు పదం కాదు. హిందీలోని 'ఖిడ్కీ' నుండి మన భాషలోకి వచ్చింది. దానికి మూలంగా భాషావేత్తలు చూపే సంస్కృతపదం 'ఖటక్కిక'. పక్కవాకిలి అని దాని అర్థం. నేడు గాలికీ వెలుతురుకూ మాత్రమే చోటిచ్చే ఈ పేరు ఒకనాడు మనిషి నడిచే దారిది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పాత ఇంటి పెరటి కిటికీని గుమ్మంగా మలచి, వెలుపల మొక్కలకొక వసారా దింపుకోదలచిన గృహస్థు, తెలియకుండానే ఆ మాటను దాని పూర్వార్థానికి చేరుస్తున్నాడు.

అయితే గోడకు నిఘంటువుతో పనిలేదు. దానికి తెలిసినది బరువొక్కటే. పైకప్పు భారం కిటికీ తలపైనున్న దూలం మీదికి దిగి, అక్కడినుండి ఇరుపక్కల గోడలలోకి జారి పునాదిని చేరుతుంది. కిటికీ దిగువనున్న గోడపై ఆ భారం దాదాపు పడదు. కాబట్టి వెడల్పు మార్చకుండా దిగువ గోడను మాత్రమే తొలగిస్తే ఇంటికి ముప్పు తక్కువ. మన ఇళ్ళలో కిటికీల తలలు, గుమ్మాల తలలు సాధారణంగా ఒకే ఎత్తులో ఉండడం ఇందుకు కలిసివచ్చే విషయం. పైవరుస ఇటుక నుండి ఒక్కొక్క వరుసనే ఉలితో విడదీయాలి. సమ్మెట దెబ్బలకు సున్నపు గోడ కీళ్ళు వదులుతుంది.

ప్రమాదమంతా వెడల్పు పెంచాలన్న కోరికలో ఉంది. రెండు రెక్కల తలుపు కావాలని పక్కగోడను చెక్కితే, దూలం ఆనుకున్న చోటే పోతుంది. పాత ఇళ్ళలో కిటికీపై ఇటుకల కమాను ఉంటే పరిస్థితి మరింత విషమం. కమాను పక్కగోడలను నెట్టుతూ నిలుస్తుంది, అవి తప్పుకుంటే అది కూలుతుంది. టేకు దూలమైతే ముందుగా తట్టి చూడాలి. డొల్లగా మోగితే చెద లోపలిని తినివేసిందని అనుమానించాలి. వెడల్పు తప్పనిసరైతే పైకప్పుకు ఊతాలు నిలిపి, ఇరువైపులా జానెడేసి గోడలోకి చొచ్చుకొనిపోయే కొత్త దూలాన్ని వేయాలి. కాంక్రీటు పూర్తి బలం పొందడానికి సుమారు 28 రోజులు పడుతుంది. ఆ లోపల తొందరపడి ఊతాలు తీయించే గృహస్థులు లేకపోలేదు.

నేల స్వభావం కూడా గమనింపదగినది. తెనాలి, రేపల్లె పరిసరాలలోని నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. కిటికీ మూలల నుండి ఏటవాలుగా సాగే పగుళ్ళు ఆ కదలికకు గుర్తులు. అటువంటి పగుళ్ళున్న గోడను ఇంజనీరుకు చూపకుండా ముట్టరాదు. బాపట్ల వైపు ఇసుకనేల అంతగా ఉబ్బదు. ఏ నేలపైనైనా కొత్త వసారా కొంత కుంగుతుంది. దానిని పాతగోడకు బిగించి కట్టక, నడుమ సన్నని ఎడం విడవడం మేలు.

చలిదేశాలలో మొక్కల కోసం అద్దాల గదులు కట్టుకుంటారు. ఎండవేడిని లోపల బంధించడం వాటి ప్రయోజనం. 1889లో శంకుస్థాపన జరిగిన బెంగుళూరు లాల్‌బాగ్ అద్దాల మందిరం ఆ సంప్రదాయంలోనిదే. వేసవిలో 40 డిగ్రీలు దాటే కృష్ణా డెల్టాలో పడమటి దిక్కున అటువంటి గది కడితే మల్లెతో పాటు మనిషీ వాడిపోతాడు. ఉత్తరం వైపు పెంకుల కప్పు, పక్కలకు చెక్క జాలీ ఉన్న వసారా చాలు. తమలపాకు తీగ కోరేది నీడనే. వసారా కప్పు లోపలి గది వెలుతురును కొంత హరిస్తుంది కనుక దానిని ఎత్తుగా వేయాలి.

ఈ తీరానికి తుపానుల భయం ఉండనే ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఇక్కడి పెద్దలు మరువలేదు; 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. గాలి ఒక్కసారి గుమ్మం గుండా లోపలికి చొరబడితే పైకప్పును క్రింది నుండి ఎత్తుతుంది. అందువల్ల తలుపు లేని గుమ్మం ఇక్కడ పనికిరాదు. తలుపుకు పైనా క్రిందా గడియలు, వసారా కప్పుకు ఇనుప పట్టీలు ఉండితీరాలి.

కిటికీకి గడప ఉండదు. గుమ్మమయ్యాక దానికి గడప వస్తుంది, పసుపు కుంకుమలూ వస్తాయి. ఇంటి ద్వారాలు సరిసంఖ్యలో ఉండాలని నమ్మేవారికి లెక్క తప్పుతుంది కూడా. ఆ లెక్కపై చూపే శ్రద్ధలో సగం దూలంపై చూపేవారు అరుదు. గడప వల్ల వేరొక ఉపయోగం ఉన్నది: వసారా నేలను గది నేలకంటే నాలుగు అంగుళాలు దించి, పెరటివైపు వాలు ఇస్తే, జడివాన నీరు గడప దాటి లోపలికి రాదు.