మన గోడమీది బల్లి

తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణములలో బల్లి తిరుగని ఇల్లు లేదు. అయినను దానిని నిలిచి చూచిన పిల్లలు తక్కువ. కనబడగనే చీపురు అందుకొనుట మన యలవాటు. అది విషజంతువని పెద్దలు చెప్పుటయే ఇందుకు కారణము. తల్లిదండ్రులు ఈ మాటను విచారింపవలెను. మన ఇండ్లలోని బల్లికి విషపు కోరలు లేవు, విషగ్రంథులును లేవు. దాని రెట్టలో రోగము కలిగించు సూక్ష్మజీవులు ఉండవచ్చును గనుక బల్లి పడిన అన్నమును పారవేయుటయే మంచిది. పాత్రలపై మూత లుంచవలెను. కాని అశుచి వేరు, విషము వేరు.

సంధ్యవేళ వాకిట దీపము వెలిగించి పిల్లలను కొంత దూరమున కూర్చుండబెట్టుడు. పురుగులు మూగగనే, పగలంతయు పటము వెనుక దాగిన బల్లి బయలుదేరును. పురుగు కదలికను కనిపెట్టుచు మెల్లగా జరిగి, తుద కొక్క దూకున నందుకొనును. దీపము చెంతనున్న మంచి చోటు సాధారణముగా పెద్ద బల్లిది. చిన్నది సమీపించినచో తరిమివేయును. రెప్పలు లేవు గనుక కన్నులను నాలుకతో తుడుచుకొనును. ఇది చూచినపుడు పిల్లలు తప్పక నవ్వుదురు.

ఇంతలో టిక్కుటిక్కుమను పలుకు వినవచ్చును. ఎవరైన మాటలాడుచుండగా అది పలికినచో ఆ మాట సత్యమని మన పెద్దలు వ్రేలితో తట్టుదురు. కంచి వరదరాజస్వామి ఆలయమున బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చిన కుటుంబములు మనలో ననేకములు. గుడిలో మ్రొక్కి ఇంట చీపురెత్తుట నాకు వింతగా తోచును. ఆ పలుకు తోడి బల్లుల నుద్దేశించినది. ఈ చోటు నాదని చాటుటకు, జోడును పిలుచుటకు.

దెబ్బ తగిలినచో బల్లి తోక విడిచి పారిపోవును. తెగిన తోక గిలగిల కొట్టుకొనుచుండ శత్రువు దానినే చూచును. తోక మరల మొలచును గాని అందు ఎముక యుండదు, మృదులాస్థి మాత్రమే యుండును. అదియును గాక, కఱవునకై దాచుకొన్న క్రొవ్వు పాత తోకతోనే పోవును.

అది గోడపై నిలుచుట జిగురువలన గాదు. వ్రేళ్ల క్రింది మడతలలో లక్షలకొలది సన్నని వెండ్రుకలున్నవి. ఒక్కొక్కదాని కొన వందల పాయలుగా చీలియుండును. ఆ కొనలకును గోడకును నడుమ అణువుల ఆకర్షణ పనిచేయును. 2000వ సంవత్సరమున అమెరికాలో కెల్లర్ ఆటమ్ మున్నగువారు టోకే అను పెద్ద బల్లి కాలి వెండ్రుక నొకదానిని తీసి దాని పట్టును కొలిచిరి.

కిటికీ అద్దమునకు ఆవల బల్లి ప్రాకునపుడు లోపలినుండి చూపుడు. కాలిమడతలు స్పష్టముగ కనబడును. గ్రుడ్లతో నున్న ఆడుబల్లి యైనచో, పలుచని కడుపు చర్మముగుండ రెండు తెల్లని గ్రుడ్లును కనబడును.