మూడో పిన్ను



నీ ఉత్తరం అందింది. ఒంట్లో కులాసాగా ఉందన్నావు, అది చాలు. కానీ కిరందుల్ గదిలో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని, పాత సాకెట్లో దూరక ప్లగ్గు పై పిన్ను విరిచేశానని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. లీకయిన కరెంటును మన ఒంటి మీదుగా కాకుండా నేలలోకి పంపే దారి ఆ మూడో పిన్నే, దాన్నే ఎర్త్ అంటాం. వోల్టేజీ అంటే నెట్టే ఒత్తిడి, కరెంటు అంటే నిజంగా పారేది, రెసిస్టెన్స్ అంటే దానికి అడ్డు. ఒత్తిడిని అడ్డుతో భాగిస్తే పారేదెంతో తేలుతుందని జర్మనీలో ఓమ్ 1827లో అచ్చువేశాడు. ఇవాళ జివ్వుమనేది ఒక మిల్లీ ఆంపియర్ కావచ్చు. లోపల ఇన్సులేషన్ పూర్తిగా పోయిన రోజున తలుపు మీదికి 230 వోల్టులూ వచ్చేస్తాయి. తడి చేతులు, తడి నేల అయితే ఒంటి అడ్డు వెయ్యి ఓమ్‌లకు దిగుతుంది. అప్పుడు పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు, నాయనా.

కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే ఎంసీబీ ఉందిగా, పడిపోతుంది అంటావేమో. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి నీలోంచి పోయే పావు ఆంపియరు కనిపించనే కనిపించదు. అది తీగను కాపాడేదే గాని మనిషిని కాదు. చెప్పులు వేసుకుంటానంటావు. మీ బస్తర్ వానల్లో అవి ఎంతసేపు పొడిగా ఉంటాయి? ఇక ఇనప కొండ పక్కనే ఉన్నాం, ఎర్త్ దానంతటదే బాగుంటుందని అక్కడ ఎవరైనా చెప్పినా నమ్మకు. ఆ బైలాడిలా కొండ రాయిలో ఉన్నది ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము. మేకులో ఇనుములా అది కరెంటును పారనివ్వదు. నేలలో కరెంటును మోసేది తేమ, ఉప్పు. రాతినేల వేసవిలో ఎండిపోతే ఎర్త్ గుంత అడ్డు 50 ఓమ్‌లున్నా ఆశ్చర్యం లేదు. 230ని 50తో భాగించు, 4.6 ఆంపియర్లు. అంటే ఎర్త్ ఉన్నా ఆ ఎంసీబీ పడదు, ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటుతోనే నిలబడి ఉంటుంది. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలం నీళ్లు పొయ్యమనడం. అందుకే దాని పైన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఉండాలనడం. ఫేజులో వెళ్లింది న్యూట్రల్‌లో తిరిగి రాలేదంటే, తేడా 30 దాటేలోపే అది పడిపోతుంది. ఎర్త్ బలహీనమైన చోట మనిషిని కాపాడేది అదే.

ఖర్చెందుకు, ఇల్లు మనది కాదు కదా అనుకోకు. ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు నేను పంపుతాను, నువ్వు గది మారినప్పుడు విప్పి తెచ్చుకో. మెయిన్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే ప్లగ్గు మార్పించి, ఆర్‌సీసీబీ పెట్టించు. పెట్టాక టెస్ట్ బటన్ నొక్కి చూడు, టక్కున పడాలి. అంతవరకు ఆ ఫ్రిజ్ ప్లగ్గు తీసే ఉంచు. పాలు విరిగిపోతే పోనీ. మీ అమ్మకి ఇవేవీ చెప్పలేదు. ప్లగ్గు మార్చగానే ఒక ముక్క రాయి.

మీ మామయ్య