నగపై ఆరు స్థానాల గుర్తు: వర్తకులు సరిచూడవలసినవి

2021 జూలై 1 నుండి బంగారు నగల హాల్‌మార్కులో మూడు ముద్రలే ఉంటున్నవి: బి.ఐ.ఎస్. చిహ్నం, మేలిమి అంకె, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్.యు.ఐ.డి. గుర్తు. వర్తకుని ముద్ర, పరీక్షా కేంద్రం ముద్ర తొలగినవి. ఆ వివరాలు ఇప్పుడు నగపై కాక రికార్డులో ఉన్నవి. 2023 ఏప్రిల్ 1 నుండి ఈ గుర్తు లేని హాల్‌మార్కు నగల అమ్మకాన్ని నిషేధించారు.

లేజరుతో చెక్కే ఈ గుర్తు ఏ నగకు ఆ నగకే వేరు. అయితే ఒక నగపై ఉన్న గుర్తును చూసి మరో నగపై చెక్కవచ్చును. కనుక గుర్తు కనిపించినంత మాత్రాన చాలదు. దానిని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో వేసి చూడాలి. చేతిలో ఉంగరం ఉండగా రికార్డులో గొలుసు అని వస్తే ఆ సరకు తీసుకోరాదు. మేలిమి, పరీక్షించిన కేంద్రం కూడా సరిచూసుకోవాలి.

తేడా వస్తే భారం అమ్మిన వర్తకునిదే. 916 ముద్ర గల 10 గ్రాముల నగ పరీక్షలో 900 తేలినచో మేలిమి తరుగు 0.16 గ్రాము. 2018 నిబంధనల ప్రకారం కొనుగోలుదారుకు అందుకు రెట్టింపు, అనగా 0.32 గ్రాము విలువ, పరీక్ష రుసుముతో సహా చెల్లించవలెను.

నగను కరిగిస్తే గుర్తు దానితోనే సరి. కొత్త నగకు కొత్త గుర్తు పొందవలసినదే. సరకు దిగిన రోజే గుర్తును చిట్టాలో ఎక్కించుకొనుట మేలు.