తపాలాబిళ్ళ వెలకు మూలమేమి?

తపాలాబిళ్ళ అనునది ఉత్తరమును చేరవేయుటకు ముందుగా చెల్లించిన కూలికి గుర్తు. ఉత్తరము చేరినతోడనే దాని పని తీరిపోవును. అట్టి వాడిన కాగితపు ముక్కకు లక్షలు పోసి కొనువారు లోకమున కలరు. ఇందుకు కారణము వర్తక కుటుంబములవారు తెలిసికొనదగినది. ఏలయన, పాతకాలపు బిళ్ళలు నిలిచియుండుటకు ఎక్కువ అవకాశమున్న చోటు వర్తకుల ఉత్తరముల కట్టలే.

పాతదైనంత మాత్రమున బిళ్ళకు వెల రాదు. లోకమున మొదటి తపాలాబిళ్ళయైన ‘పెన్నీ బ్లాక్’ 1840 మే నెలలో ఇంగ్లండున వెలువడినది. దానిని 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చువేసిరి. కనుక అది మొదటిదే కాని, దొరకనిది కాదు. బ్రిటిష్ గయానాలో 1856లో వచ్చిన ఒక సెంటు బిళ్ళ సంగతి వేరు. లోకమునకు తెలిసినది ఒక్కటే మిగిలినది. 1873లో 12 ఏండ్ల బాలుడొకడు ఇంటిలోని పాత ఉత్తరములలో దానిని కనుగొని 6 షిల్లింగులకు అమ్మివేసెను. అదే బిళ్ళ 2014లో న్యూయార్కు వేలమున 94 లక్షల డాలర్లకు పైగా పలికినది. 2021లో మరల వేలమునకు రాగా 83 లక్షలే వచ్చినవి. అపురూపమైన సరకునకు సైతము ధర ఎల్లప్పుడు పెరుగుచునే యుండదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున మొదటి బిళ్ళలు 1852 జులై 1వ తేదీన సింధు ప్రాంతమున వెలువడినవి. అప్పటి కమీషనరు బార్టిల్ ఫ్రియర్ వానిని ప్రవేశపెట్టెను. ‘సిందే డాక్’ అని పేరొందిన ఈ అర్ధణా బిళ్ళలు ఆసియా ఖండమునకే మొదటివి. ఆకారము గుండ్రము. నడుమనున్నది ఈస్టిండియా కంపెనీవారు తమ సరకు మూటలమీద వేయు వర్తకపు గుర్తు! ఎర్రరంగువి పెళుసుగా ఉండి చిట్లిపోయెడివి. 1854 అక్టోబరులో దేశమంతటికి వేరు బిళ్ళలు రాగా ఇవి నిలిచిపోయినవి. నేడు చెక్కుచెదరని ఎర్రబిళ్ళ దొరకుట మిక్కిలి అరుదు.

పొరపాటు వలన విలువ వచ్చినవి కొన్ని. 1854 నాటి నాలుగణాల బిళ్ళను కలకత్తాలో రెండు రంగులతో అచ్చువేసిరి. రాణి తల నీలము, చుట్టుపటము ఎరుపు. కాగితమును రెండుమారులు అచ్చునకు ఎక్కింపవలసి వచ్చుటచే, కొన్నిట పటమునకు తల తలక్రిందులుగా పడినది. ఇట్టివి లోకమున ముప్పదికి మించి తెలియవు. ఆనాటి బిళ్ళలకు అంచున చిల్లులు లేవు, కత్తెరతో కత్తిరించుకొనవలసినదే. చుట్టు అంచు విడిచి చదరముగా కత్తిరించినవానికి నేడు గొప్ప వెల కలదు. బొమ్మవెంట ఎనిమిది మూలలుగా కత్తిరించినవి ఆ వెలకు చాల తక్కువ.

స్వాతంత్ర్యము వచ్చి ఏడాది నిండిన 1948 ఆగస్టు 15న గాంధీ మహాత్ముని బిళ్ళలు వెలువడినవి. స్విట్జర్లాండులో అచ్చయిన ఆ వరుసలో పెద్దది పది రూపాయలది. గవర్నర్ జనరల్ కార్యాలయపు వాడుకకై అందులో 100 బిళ్ళలమీద మాత్రము ‘సర్వీస్’ అను మాట అచ్చువేసిరి. 2017లో అట్టివి నాలుగు ఒక వరుసగా 5 లక్షల పౌండ్లకు అమ్ముడైనవి. అయితే ఆ ఒక్క మాటను మామూలు బిళ్ళపై దొంగగా అచ్చువేయుట మోసగాండ్రకు కష్టము కాదు. కాబట్టి నిపుణుల ధ్రువపత్రము లేనిదే ఇట్టివానికి సొమ్ము పెట్టరాదు.

మనసునకు ప్రియమైనదెల్ల అరుదైనది కాదు. 1935 నాటి రజతోత్సవ బిళ్ళలలో అణాపావు బిళ్ళమీద కలకత్తా జైనమందిరము కలదు. మహావీర స్వామి నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమున 1974లో వచ్చిన 25 పైసల బిళ్ళమీద పావాపురి జలమందిరము కలదు. ఇవి విరివిగా అచ్చయినవి. స్వల్ప ధరకే లభించును. జైన గృహములలో వీనిని దాచుకొనుట భక్తిచే కాని లాభాపేక్షచే కాదు.

కావున తెలిసికొనదగిన దేమనగా: సంఖ్య తక్కువగుట, అసలుదగుట, చెడకుండుట ఈ మూడును కలిసిననే వెల. పాత చిట్టా ఆవర్జాలతోపాటు ఉత్తరముల కట్టలను తూకమునకు వేయుటకు ముందు ఒకమారు విప్పి చూడవలెను. పిల్లల ఆల్బముకొరకు బిళ్ళను చించరాదు. కవరుమీదనే ఉన్న బిళ్ళకు తపాలా ముద్ర సాక్ష్యము. ఏ ఊరినుండి, ఏ తేదీన, ఎవరికి వెళ్ళినదో ఆ కవరే చెప్పును. దానిని తేమ తగులనిచోట, జిగురు పూయక భద్రపరుపవలెను. అందు అరుదైన బిళ్ళ లేకపోయినను నష్టము లేదు. తాతల నాటి బేరసారములు ఏ యే ఊళ్ళతో సాగినవో మనుమలకు తెలిపెడి ఆధారము ఇంట మిగులును.