చేతి బ్రేకు

పూర్వం ఎడ్లబండిని వాలు నేలపై నిలిపినప్పుడు చక్రం కింద రాయి పెట్టేవారు. ఆ రాయి చేసిన పనినే నేడు కారులో చేతి బ్రేకు చేస్తున్నది. కదిలే బండిని ఆపేది కాలి బ్రేకు. ఆగిన బండిని కదలకుండా నిలిపేది చేతి బ్రేకు.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డుపై, పరిమితికి మించిన ప్రయాణికులతో దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. వాలుపై వాహనం అదుపు తప్పితే ఎంత అనర్థం జరుగుతుందో ఆ దుర్ఘటన చాటింది. నిలిపి ఉంచిన వాహనానికీ వాలు వలన ప్రమాదం ఉంటుంది. అందుకే బహిరంగ స్థలంలో బండిని విడిచి వెళ్ళేటప్పుడు ఇంజను ఆపి, బ్రేకు వేయడం వంటి జాగ్రత్తలు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ నిర్దేశించింది.

చేతి బ్రేకు మీటను పైకి లాగితే దానికి అమర్చిన ఉక్కు తీగ బిగుసుకొంటుంది. ఆ తీగ వెనుక చక్రాల డ్రమ్ములలోని బ్రేకు షూలను వెడల్పు చేసి, డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుతుంది. మీట లేచేటప్పుడు ‘టక్ టక్’ మనే శబ్దం వినిపిస్తుంది. ఎన్ని శబ్దాలకు బ్రేకు పట్టాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతకంటె ఎక్కువ దూరం లాగవలసి వస్తే సవరణ అవసరమని గ్రహించాలి.

అయితే బిగించే ముందు కారణం తెలుసుకోవాలి. తీగ సాగినా మీట వదులవుతుంది. షూలు అరిగినా వదులవుతుంది. అరిగిన షూలను గమనించక తీగను మాత్రమే బిగిస్తే, రోగాన్ని దాచి పెట్టినట్లవుతుంది.

ఇంటివద్ద సవరించదలచినవారు కారును చదునైన గట్టి నేలపై నిలపాలి. ముందు చక్రాలకు ఇరువైపులా చెక్క దిమ్మెలు పెట్టాలి. వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, దృఢమైన స్టాండ్లపై నిలపాలి. కేవలం జాకీని నమ్మి కారు కిందికి వెళ్ళరాదు. మీటను పూర్తిగా దించి, మొదట షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడాన్ని సరిచేయాలి. ఆ తరువాతనే తీగ చివరనున్న నట్టును కొద్దికొద్దిగా బిగించాలి. మీట దించినప్పుడు వెనుక చక్రాలు స్వేచ్ఛగా తిరగాలి. నిర్ణీత శబ్దాలకు లాగినప్పుడు రెండూ సమానంగా పట్టుకోవాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు. అది ఊపిరితిత్తులకు హానికరం.

సిరిసిల్ల నేత కార్మికులకు బిగువులోని మర్మం బాగా తెలుసు. మగ్గంపై పడుగు వదులైతే నేత చెడుతుంది. మితిమీరి బిగిస్తే పోగు తెగుతుంది. బ్రేకు తీగ విషయమూ అంతే. అతిగా బిగిస్తే షూలు డ్రమ్మును నిరంతరం రాసుకొని వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి, ఇంధనమూ వృథా అవుతుంది.

తీగ పోగులు తెగినా, షూలు అరిగినా, బ్రేకు ఆయిలు కారుతున్నా, మీటకు బదులు విద్యుత్ బటను ఉన్నా ఆ పనిని మెకానిక్కుకే అప్పగించాలి. కారులో ఉన్నవారి ప్రాణాలతో పాటు దారిన పోయేవారి ప్రాణాలూ ఆ తీగపై ఆధారపడి ఉన్నాయని మరువరాదు.

అభ్యాసం

1. చేతి బ్రేకు పనిచేసే విధానాన్ని వివరించండి.
2. తీగను బిగించే ముందు కారణం ఎందుకు తెలుసుకోవాలి?
3. మగ్గంపై పడుగుతో బ్రేకు తీగకు గల పోలికను తెల్పండి.