కుంగిన పునాది – నిలిచిన కట్టడము

కట్టడము కుంగినపుడు దానిని పైకెత్తుటయే పరిష్కారమని మనము భావింతుము. కాని ఎత్తుటకు ముందు దానికి ఆధారము కల్పింపవలెను. ఇందుకు కెనడా దేశమున విన్నిపెగ్ నగర సమీపముననున్న ట్రాన్స్‌కోనాలో రైల్వేవారు కట్టించిన ధాన్యాగారము చక్కని నిదర్శనము.

ఖాళీగా నున్నపుడే 20,000 టన్నుల బరువుగల ఆ కట్టడమునకు 2 అడుగుల మందముగల కాంక్రీటు పలకయే పునాది. దాని క్రింద బంకమట్టి. 1913 అక్టోబరు 18న, ధాన్యము నింపుచుండగా, అది ఒక గంటలో దాదాపు ఒక అడుగు కుంగినది. మరునాటికి సుమారు 27 డిగ్రీలు ఒరిగిపోయినది. అయినను గోడలు దాదాపు చెక్కుచెదరలేదు. లోపము కట్టడములో లేదు, నేలలో నున్నది. నిర్మాణమునకు ముందు పైమట్టిని పరీక్షించిరి, అది గట్టిదే. దాని అడుగుననున్న మెత్తని మట్టి ఆ పరీక్షకు అందలేదు.

ఇంజనీర్లు మొదట ధాన్యమును తీసివేసి బరువు తగ్గించిరి. పిదప క్రింద గోతులు త్రవ్వి, రాతిపొర వరకు కాంక్రీటు స్తంభములు దింపిరి. ఆ స్తంభముల ఆధారముతో, కుంగిన వైపును జాకీలతో మెల్లమెల్లగా ఎత్తుచు, రెండవ వైపు క్రిందిమట్టిని తొలగించుచు, 1914లో కట్టడమును నిటారుగా నిలిపిరి. అది పూర్వపు మట్టమును అందుకొనలేదు. కొంత లోతుననే నిలిచినది. అయినను మరల ధాన్యము నింపుకొని తన పని తాను చేసినది.

కావున గోడ పగిలినపుడు, పగులుకు సిమెంటు పూయుటకు ముందు, ఆ గోడ దేనిపై నిలిచియున్నదో మనము విచారింపవలెను.