పెట్టెకు ఎనిమిది ఫొటోలు

1979లో మా చిన్న మేనమామ బోస్టన్ నుంచి వస్తూ పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. మడిస్తే లావుపాటి పుస్తకం, విప్పితే తీసిన ఫొటోను అక్కడికక్కడే ఇచ్చే కెమెరా. ఇప్పటికీ పనిచేస్తోంది. ఈ వేసవిలో మా మనవరాలు దాన్ని అడిగి తీసుకుంది. తనకు చెప్పిన మాటలు ఇలాంటి పాత కెమెరా చేతికొచ్చిన పిల్లలందరికీ పనికొస్తాయని రాస్తున్నాను.

1. లెక్క తెలుసుకుని మొదలుపెట్టండి.
అప్పట్లో ఒక ఫిల్ము పెట్టెలో పది ఫొటోలు వచ్చేవి. ఇప్పుడు ఎనిమిదే. ఈ కెమెరా వెనకున్న అంకె మాత్రం పాత లెక్కలోనే పది నుంచి దిగుతుంది. అది రెండుకు వచ్చిందంటే పెట్టె ఖాళీ. ఈ సంగతి తెలియక మా అన్న కూతురి పెళ్లిలో తలంబ్రాల కోసమని రెండు దాచుకున్నాననుకున్నాను. మీట నొక్కితే ఫొటో రాలేదు. అలాగని మధ్యలో మూత తెరిచి చూడకండి. పైనున్న ఫిల్ము వెలుగు తగిలి పాడవుతుంది, లెక్క కూడా తప్పుతుంది.

2. చచ్చిందనుకున్న కెమెరాకు ముందు ఫిల్ము పెట్టండి.
దీనికి బ్యాటరీ ఫిల్ము పెట్టెలోనే ఉంటుంది. ఖాళీ కెమెరా కదలదు, పలకదు. అంతమాత్రాన పాడైందని పారేయకండి. పెట్టె కొనేటప్పుడు ఎస్‌ఎక్స్-70 అన్న పేరు చూసుకోండి. 600 రకం ఫిల్ము ఎస్‌ఎక్స్-70 ఫిల్ముకన్నా నాలుగు రెట్లు వెలుగు పట్టేస్తుంది. ఐ-టైప్ పెట్టెలో బ్యాటరీ ఉండదు కాబట్టి పాత కెమెరా దాంతో నడవదు.

3. మన ఎండ ఈ ఫిల్ముకు పడదు.
ఫొటోలో రంగులు తేల్చే రసాయనాలకు 13 నుంచి 28 డిగ్రీల మధ్య వాతావరణం కావాలి. అంతకన్నా చల్లగా ఉంటే బొమ్మ వెలిసినట్టుండి నీలం తిరుగుతుంది. వేడిగా ఉంటే పసుపో ఎరుపో కమ్మేస్తుంది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఫొటోలు తీస్తే ఎవరికైనా కామెర్లు వచ్చినట్టే ఉంటుంది. అందుకే మన వేసవిలో పొద్దున ఏడు లోపు తీయండి. తీసిన ఫొటోను నీడలో చల్లని చోట ఉంచండి. పెట్టెలను ఫ్రిజ్‌లో పరుండబెట్టండి, గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. వాడే ముందు గంటసేపు బయట పెట్టాలి. పెట్టెమీద తయారైన తేదీ ఉంటుంది, ఏడాది లోపు వాడేయండి.

4. రోలర్లు తుడవందే కొత్త పెట్టె ఎక్కించకండి.
ఫొటో కింద వెడల్పాటి తెల్ల అంచు అందానికి పెట్టింది కాదు. బొమ్మను తేల్చే మందు చిన్న సంచిలో అక్కడే ఉంటుంది. ఫొటో బయటికొచ్చేటప్పుడు రెండు రోలర్లు ఆ సంచిని చిదిమి, మందును పొరల మధ్య సమంగా పరుస్తాయి. రోలరు మీద పాత మందు ఎండి అంటుకుని ఉంటే ప్రతి ఫొటో మీదా అదే వరసలో మచ్చలు పడతాయి. పెట్టె మార్చిన ప్రతిసారీ కాస్త తడిపిన మెత్తని గుడ్డతో, రోలర్లు తిప్పుతూ తుడవండి.

5. ఊపకండి.
పొర ఊడదీసే మొదటి రకం ఫొటోలు తడిగా ఉండేవి, ఆరడానికి ఊపేవారు. ఇది అన్ని వైపులా మూసిన ఫొటో, ఊపితే లోపలి పొరలు విడిపోవచ్చు. బయటికి రాగానే వెలుగు తగలకుండా బోర్లా పెట్టండి. రంగుల ఫొటో తేలడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా ఫొటో దిగినవాళ్లతో మాట్లాడండి.

6. వెలుగు మీ వీపు వెనక ఉండాలి.
వెనక ఆకాశం తెల్లగా మెరుస్తుంటే కెమెరా కన్ను దాన్నే చూసి ముఖాన్ని నల్లగా దించుతుంది. మనిషిని వెలుగువైపు తిప్పండి, లేదా ముందున్న చక్రాన్ని తెలుపువైపు కొంచెం తిప్పండి. చీకటి గదిలో షట్టరు చాలాసేపు తెరిచే ఉంటుంది, మోచేతులు బల్లకు ఆనించండి.

7. దీన్ని బతికించినవాళ్లను తలుచుకోండి.
1943లో శాంటా ఫేలో, పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ ల్యాండ్‌ను మూడేళ్ల కూతురు అడిగింది, తీసిన ఫొటో ఇప్పుడే ఎందుకు కనపడదని. ఆ ప్రశ్న పట్టుకుని ఆయన 1947లో న్యూయార్క్‌లో అప్పటికప్పుడే ఫొటో కనబడే పద్ధతిని చేసి చూపించాడు. మరుసటి ఏడాది మొదటి కెమెరా బోస్టన్‌లో అమ్మకానికి వచ్చింది. 2008లో పోలరాయిడ్ ఫిల్ము తయారీ మానుకుంది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీలో యంత్రాలు తుక్కు కాకుండా కొందరు కాపాడారు. పాత రసాయనాలు దొరక్కపోతే కొత్త పాకం పట్టి 2010లో మళ్లీ ఫిల్ము తెచ్చారు. మన కెమెరాలు నడుస్తున్నాయంటే వాళ్ల చలవే.

8. మొదటి ఫొటో దిగినవాళ్లదే.
దీనికి నెగటివు చేతికి రాదు, ఉన్నది ఒక్కటే ప్రతి. 1980 కృష్ణా పుష్కరాల్లో బెజవాడ రేవు మెట్ల మీద పసుపు కుంకుమలు అమ్ముకునే ముసలమ్మను తీశాను. రంగులు తేలేదాకా నా గొడుగు కిందే నిలబడింది. తన ముఖం కనబడగానే రెండు చేతులూ చాపి “నాకియ్యి నాయనా” అంది. అంత మంచి ఫొటో నేనెప్పుడూ తీయలేదు. ఇవ్వబుద్ధి కాలేదు. పెట్టె ఖాళీ అయింది, రేపు ఇంకోటి తీసి ఇస్తానన్నాను. మర్నాడు కొత్త పెట్టెతో వెళ్లాను. ఆమె లేదు. పుష్కరాలు ముగిసేదాకా రోజూ వెతికాను, కనబడలేదు. ఫొటో నా దగ్గరే ఉంది. చూసినవాళ్లంతా బాగుందంటారు. నాకు మాత్రం చాపిన ఆ చేతులే గుర్తొస్తాయి.

మనవరాలికి ఒక్కటే షరతు పెట్టాను: ఎవర్ని తీసినా మొదటిది వాళ్లకి, రెండోది నీకు. తను తీసిన మొదటి ఫొటో మా వీధి చివర దర్జీ కొట్టులో, కుట్టుమిషను పక్క గోడకు అంటించి ఉంది.